బెల్లపు పెనములు: నిప్పునందును పులుపునందును మెత్తని ఉక్కు నడత

చెరకు పండించు రైతు ముచ్చెల నెన్నుకొనుట మొదలు నఱకుట వఱకు పది పండ్రెండు మాసములు పైరును కనిపెట్టుకొని యుండును. ఆ శ్రమఫలమంతయు కడపట ఒక ఇనుప పెనముగుండ నడచి బెల్లమై వెలికి రావలయును. గానుగ ఆడుచున్న దినములలో ఆ పెనము అడుగు చిల్లిపడినయెడల నఱకిన చెరకు ఎండును, పిండిన రసము పులియును, కూలి వ్యర్థమగును. అంతకంటె ఘోరమైనది మఱియొకటి కలదు. మరగుచున్న పాకము పొయ్యిలో పడినచో ఎగసిన మంటయు, చిందిన పాకమును దగ్గఱ నున్నవారి ఒడలిని కాల్చును. పాకము నీటివలె జాఱిపోక చర్మమునకు అంటుకొని యుండును గావున దాని గాయము మిక్కిలి లోతుగా నుండును.

పెనము చెడుట దైవికము కాదు. ఇనుము ఏ వేడిమికి ఎట్లు లోబడునో, ఏ పొగకు ఎట్లు తినబడునో తెలిసినవారికి ఆ చెడుగు ముందుగనే కానవచ్చును. ఆ సంగతులను సులభముగా తెలియజేయుటయే ఈ కరపత్రముయొక్క ఉద్దేశము. ఇందు చెప్పబడిన డిగ్రీలన్నియు సెంటీగ్రేడు డిగ్రీలని గ్రహింపవలెను.

1. మెత్తని ఉక్కు అననేమి?

అంగడిలో ఎమ్.ఎస్. రేకు అని అమ్మబడునది మైల్డు స్టీలు, అనగా మెత్తని ఉక్కు. ఇందు కర్బనము, అనగా బొగ్గుపాలు, నూటికి 0.25 వంతునకు లోబడి యుండును. బొగ్గుపాలు స్వల్పమగుటచేత ఈ ఉక్కు వంచినను విఱుగదు, సుత్తిదెబ్బకు సాగును, అతుకుపనికి చక్కగా లొంగును, వెలయు తక్కువ. పోత ఇనుములో బొగ్గుపాలు నూటికి 2 వంతులకు మించి యుండును. కావున అది పెళుసు. కాగియున్నపుడు చన్నీరు పడినచో పగులును. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రమున పూర్వము మూసలలో కరగించి చేసిన ప్రసిద్ధమైన ఉక్కునందు బొగ్గుపాలు నూటికి 1 వంతునకు మించి యుండెను. అది కత్తివాదరకు తగినదే గాని పెనమునకు తగినది కాదు. ఇనుము పేరు ఒకటే యైనను గుణములు వేఱని దీనివలన తెలియుచున్నది.

మెత్తని ఉక్కునకు ఒక కొఱత కలదు. వేడిమిని, తుప్పును ఎదిరించు క్రోమియము వంటి లోహము ఇందు లెక్కకు వచ్చునంతగా లేదు. తన్ను తాను కాపాడుకొను శక్తి దీనికి స్వల్పము. కావున కాపాడవలసినవాడు రైతే.

2. మంటమీద పెనము ఏల కాలిపోదు?

ఎండిన పిప్పితో చక్కగా మండు పొయ్యిలో మంట వేడిమి 800 మొదలు 1000 డిగ్రీల వఱకును, ఒక్కొక్కచో అంతకు మించియు నుండును. అంతటి వేడిమిలో ఉక్కు ఎఱ్ఱగా కాగి వంగవలసినదే. అయినను పెనము సంవత్సరముల తరబడి నిలుచుచున్నది. దీనికి కారణము పెనములోని రసమే.

రసము సుమారు 100 డిగ్రీలకు మరగును. నీరు తగ్గి పాకము ముదిరి బెల్లమునకు వచ్చునప్పటికి వేడిమి 118 డిగ్రీల ప్రాంతమునకు చేరును. ఉక్కు వేడిమిని త్వరగా పోనిచ్చు లోహము. క్రింద మంట ఎంత తీవ్రముగా నున్నను, వచ్చిన వేడిమిని రసము వెంటనే గ్రహించి ఆవిరి రూపమున పంపివేయుచుండును. అందుచేత రసము తాకియున్నంతవఱకు రేకు వేడిమి రసపు వేడిమికంటె ఎంతో మించదు. మట్టికుండలో నీరున్నంతవఱకు కుండకు కీడు లేదనియు, నీరింకిన తరువాత మాడి పగులుననియు ఇంటి ఆడవారందఱును ఎఱిగినదే. పెనమునకును అదే న్యాయము.

కావున పెనమునకు నిజమైన శత్రువు మంట కాదు. రసమునకును రేకునకును నడుమ వచ్చు అడ్డు. ఆ అడ్డు మూడు విధములు. మొదటిది, అడుగంటి మాడిన పాకపు పొర. ఈ పొర ఉక్కుకంటె ఎన్నో పదుల రెట్లు వేడిమిని అడ్డగించును. ఒక మిల్లీమీటరు మందము గలిగినను దాని క్రింది రేకు వేడిమి నూఱు డిగ్రీలో అంతకెక్కువో పెరుగవచ్చును. రెండవది, రసపు మట్టమునకు పైనుండి మంట తగులు అంచుభాగము. మూడవది, పాకము తీసిన పిదప క్రొత్తరసము పోయువఱకు ఖాళీగా నున్న పెనము. ఈ మూడింటియందును రేకు తన రక్షకుని పోగొట్టుకొనును.

3. వేడిమి హెచ్చిన కొలది బలము తగ్గుట

ఉక్కు కరగుటకు 1500 డిగ్రీల ప్రాంతపు వేడిమి కావలెను. అంత వేడిమి మన పొయ్యిలలో లేదు గావున పెనమునకు భయము లేదని కొందఱు తలంతురు. ఇది సరి కాదు. కరగుటకు చాల ముందుగనే ఉక్కు బలహీనపడును. కట్టడముల ఉక్కు విషయమున ఇంజనీర్లు వాడు లెక్కను రూపాయి పైసలలో చెప్పినచో ఇట్లుండును. చల్లగా నున్నపుడు ఉక్కు బలము ఒక రూపాయి యనుకొనుడు. 400 డిగ్రీలవఱకు వంగిపోకుండ నిలుచు బలము రమారమి రూపాయిగనే యుండును. 500 డిగ్రీలయందు 78 పైసలు మిగులును. 600 డిగ్రీలయందు 47 పైసలు. 700 డిగ్రీలయందు 23 పైసలు. 800 డిగ్రీలయందు 11 పైసలు మాత్రమే.

ఇదిగాక, 400 డిగ్రీలకు మించిన వేడిమిలో బరువు మోయుచు చాలకాలమున్న ఉక్కు మెల్లమెల్లగా సాగును. ఒక దినమున కంటికి కానరాదు. పలుమాఱులు జరిగిన పిదప పెనము అడుగు పొట్టవలె క్రిందికి దిగును. చల్లారినను ఆ సాగుడు మరల వెనుకకు రాదు. పొట్ట దిగినచోట రేకు పలుచనగును. పాకము అచ్చటనే నిలిచి మాడును. మాడినందున ఇంకను కాగును. ఈ విధముగా ఒక చెడుగు రెండవదానిని పెంచును. అడుగు పొట్ట దిగిన పెనము రేపు చిల్లిపడుటకు నేడు ఇచ్చిన నోటీసు అని భావింపవలెను.

కాగిన ఇనుము రంగునుబట్టి వేడిమిని కొంతవఱకు ఊహింపవచ్చును. చీకటిలో మసకఎఱుపు కానవచ్చినచో 500 డిగ్రీలు దాటినట్లే. పండిన ఎఱుపు 750 డిగ్రీల ప్రాంతము. నారింజవన్నె 900 డిగ్రీల ప్రాంతము. రాత్రివేళ పెనము అంచుగాని, పొగగొట్టపు మొదలుగాని ఎఱ్ఱబడి కనబడినచో అచ్చట ఉక్కు తన బలములో పెద్దభాగమును కోలుపోవుచున్నదని తెలిసికొనవలెను.

4. పెచ్చు పుట్టుట, ఊడుట

కమ్మరి కొలిమిలో కాల్చిన ఇనుమును దాగలిపై కొట్టినపుడు నల్లని పొలుసులు రాలుట అందఱును చూచినదే. అవియే పెచ్చులు. కాగిన ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలియుటవలన ఇవి పుట్టును. పెచ్చు అనునది మఱేమియు కాదు, తినబడిన ఇనుమే.

పెచ్చు పొరగా అంటియున్నంతవఱకు కొంత మేలుచేయును. పొర మందమైన కొలది ప్రాణవాయువు లోపలికి పోవుట కష్టమగును. ఒక గంటలో ఒక వంతు మందము పెరిగినచో రెండు వంతులగుటకు నాలుగు గంటలును, మూడు వంతులగుటకు తొమ్మిది గంటలును పట్టును. అనగా పాతపొర క్రొత్త నష్టమును మందగింపజేయును. కాని పొయ్యి ఆఱి పెనము చల్లారునపుడు ఉక్కును పెచ్చును సమానముగా ముడుచుకొనవు. పెచ్చు పగిలి రాలును. మరల మంట పెట్టినపుడు నగ్నమైన ఇనుముపై లెక్క మొదటినుండి ఆరంభమగును. కావుననే మాటిమాటికి ఆర్పి వెలిగించు పొయ్యిపై పెనము, విరామము లేక నడచు పొయ్యిపై పెనముకంటె త్వరగా అరుగును.

570 డిగ్రీలు ఒక హద్దు. దానికి లోబడి పుట్టు పెచ్చు గట్టిగాను పలుచగాను ఉండి మెల్లగా పెరుగును. ఆ హద్దు దాటినచో వేఱొక జాతి పెచ్చు అడుగున పుట్టును. దానిగుండ ఇనుపకణములు త్వరగా వెలికి వచ్చుటచే అరుగుదల మిక్కిలి హెచ్చును. కావున మెత్తని ఉక్కును 540 డిగ్రీలకు మించి ఎడతెగక కాగనీయరాదని వాడుకలో నున్న నియమము.

నష్టమును లెక్కగట్టుట కష్టము కాదు. ఒక చదరపు మీటరు రేకు ఒక మిల్లీమీటరు అరిగినచో 7.85 కిలోల ఇనుము పోయినట్లు. అడుగు అడ్డకొలత 2 మీటర్లుగల గుండ్రని పెనమున ఒక మిల్లీమీటరు అరిగినచో సుమారు 25 కిలోలు నష్టము. బరువునకంటె బలమునకు వచ్చు నష్టము పెద్దది: మందము సగమైనచో వంపునకు ఓర్చు శక్తి సగము కాదు, నాలుగవ వంతే మిగులును.

5. వంటచెఱకును దాని పొగయు

అన్ని మంటలును ఇనుమునకు సమానములు కావు. చక్కగా ఎండిన చెరకుపిప్పి మంచి వంటచెఱకు. వరిగడ్డి, కొబ్బరిపీచు మొదలగువానియందు పొటాషియము, క్లోరిను అను ద్రవ్యములు హెచ్చుగా నుండును. ఇవి మంటలో ఆవిరియై లేచి, కొంచెము చల్లనైన ఇనుముపై బూడిదతోకూడ పేరుకొనును. క్లోరిను పెచ్చును దాటి లోని ఇనుముతో కలియును. అట్లు పుట్టిన ద్రవ్యము వెలికి వచ్చి ప్రాణవాయువుతో కలిసి పెచ్చుగా మాఱి, క్లోరినును మరల విడిచిపెట్టును. ఆ క్లోరిను తిరిగి లోపలికి పోయి క్రొత్త ఇనుమును తినును. స్వల్పమైన క్లోరిను ఈ రీతిని పెద్దపని చేయును. పొటాషియపు ఉప్పు ఒంటిగా కరగుటకు 770 డిగ్రీలు కావలెను గాని, ఇనుపద్రవ్యముతో కలిసినపుడు 400 డిగ్రీలకు లోబడియే కరగి రేకును నాకివేయును.

పొలమున విఱిగిపోయిన పి.వి.సి. గొట్టపు ముక్కలను పొయ్యిలో వేయు అలవాటు కొన్నిచోట్ల కలదు. ఆ పదార్థపు బరువులో సగమునకు మించి క్లోరినే. కాలినపుడు ఘాటైన ఆమ్లవాయువు పుట్టి ఇనుమునే కాక పనివారి ఊపిరితిత్తులనుకూడ చెఱచును. పాత టైర్లు కాల్చినచో గంధకపు పొగ లేచును. ఆ పొగ పొగగొట్టపు పైభాగమున 120 మొదలు 150 డిగ్రీల ప్రాంతమునకు చల్లారినపుడు గంధకామ్లపు చెమటగా మాఱి రేకును తినును. పొగగొట్టము మొదట మంటచేతను, కొనయందు చెమటచేతను చెడుటకు కారణమిదే. ఇట్టి చెత్తను కాల్చి మిగుల్చుకొను వంటచెఱకు వెల, పెనమునకు కలుగు నష్టముతో పోల్చిచూడ స్వల్పము. బెల్లమునకు పట్టు కంపు వేఱుగా లెక్కింపదగినది.

తడిపిప్పియు మేలు కాదు. మంట మందగించి పొగ హెచ్చును; మసి పేరుకొనును; పాకము ఆలస్యమగును.

6. రసపు వైపున పులుపు

పెనము క్రిందివైపు మంటచే తినబడినట్లే పైవైపు రసముచే తినబడును. అప్పుడే పిండిన చెరకురసము కొంచెము ఆమ్లము కలది. శాస్త్రజ్ఞులు పి.హెచ్. అను కొలతతో దీనిని కొలుతురు. 7 సమము, అంతకు తగ్గిన కొలది పులుపు. మంచిరసము 5కు మించి 5.5 ప్రాంతమున నుండును. నఱకిన చెరకును రెండు మూడు దినములు ఎండలో ఉంచి పిండినచో పులుపు హెచ్చి ఇంకను తగ్గును. పులుపు హెచ్చిన కొలది ఇనుము కరగి రసములో చేరును.

దీనివలన కలుగు హాని రంగుమీద తెలియును. చెరకురసమునందు సహజముగా ఒగరు ద్రవ్యములు కలవు. ఇనుమును ఒగరును కలిసినచో నలుపు పుట్టును. కలంకారీ అద్దకమువారు తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో అనేక దినములు నానవేసి, ఆ తేటను కరక్కాయ పట్టించిన గుడ్డపై కలముతో వ్రాసి నల్లని గీతను పొందుదురు. వారు కోరి చేయు పనినే అశ్రద్ధగల రైతు కోరకుండ తన పెనములో చేసికొనుచున్నాడు. నల్లబడిన బెల్లమునకు సంతలో వెల తగ్గునని వేఱుగా చెప్పనక్కఱలేదు.

సున్నపు తేటను మితముగా చేర్చి రసమును 6 దాటించి 6.5 ప్రాంతమునకు తెచ్చినచో పులుపు తగ్గును, మురికియు తెట్టుగా తేలును. మితిమీఱిన సున్నమును బెల్లమును నల్లబఱచును గావున కొలత తప్పరాదు. తెలుపునకై హైడ్రాసు పొడి వేయు అలవాటు కలదు. అది గంధకసంబంధమైనది, పులుపును పెంచి ఇనుమును తినును, ఆ తెలుపు నిలువదు, తినువారికిని మంచిది కాదు. తెట్టు తీయుటకు బెండరసము వంటి పాతపద్ధతులే మేలు.

ఇంకొక సంగతి గమనింపదగినది. తెఱచిన పాత్రలో నీరు కాగుచుండ తుప్పు వేగము 80 డిగ్రీల ప్రాంతము వఱకు హెచ్చి, తరువాత మరగునపుడు తగ్గును. ఏలయనగా నీటిలో కరగియున్న ప్రాణవాయువు మరగునపుడు వెడలిపోవును. కావున తెరలుచున్న రసముకంటె గోరువెచ్చగా రాత్రియంతయు పెనములో నిలిచిన రసమే హెచ్చు హాని చేయును. రసపు మట్టము చుట్టును రేకు వలయముగా తినబడుటయు గాలియు తడియు అచ్చట కలియుటచేతనే.

7. పని లేని మాసములు

గానుగ ఆగిన పిదప పెనమును బూడిదతో, పాకపు మరకలతో అట్లే పొయ్యిమీద విడుచుట అనేకుల అలవాటు. బూడిదలోని క్షారములును ఉప్పులును గాలిలోని చెమ్మను పీల్చుకొనును. వానకాలమున ఆ తడిబూడిద పెనము క్రింద పట్టువేసినట్లుండి నెలలకొలది ఇనుమును తినును. మంటమీద నుండిన నాలుగు మాసములకంటె ఊరక పడియుండిన ఎనిమిది మాసములయందే హెచ్చు చెడు పెనములు గలవు.

పని ముగిసిన దినముననే లోపల సున్నపు నీరు పోసి మరగించి కడుగవలెను. క్రిందివైపు బూడిదను, వదులైన పెచ్చును పొడిగా ఉన్నపుడే గీఱి దులుపవలెను. ఎండలో ఆరబెట్టి లోపల ఆముదముగాని వేఱు వంటనూనెగాని పలుచగా రాయవలెను. క్రిందివైపు సున్నము పూయవలెను. పిదప నేలకు తగులకుండ ఇటుకలపై బోర్లించి కప్పు క్రింద ఉంచవలెను.

8. రేకును ఎన్నుకొనుట

జింకుపూత రేకు మెఱయుచుండును గాని పెనమునకు పనికిరాదు. జింకు 420 డిగ్రీల ప్రాంతమున కరగును. పుల్లని రసములో కరగి బెల్లమున చేరును.

స్టెయిన్‌లెస్ ఉక్కులో క్రోమియము నూటికి 10.5 వంతులకు తక్కువ కాకుండ నుండును. బెల్లపు రంగునకు ఇది శ్రేష్ఠము. కాని వెల హెచ్చు. పాత్రలకు వాడు సామాన్యపు రకము మెత్తని ఉక్కు పోనిచ్చు వేడిమిలో మూడవవంతు మాత్రమే పోనిచ్చును. కాగినపుడు దానికంటె ఒకటిన్నర రెట్ల ప్రాంతము హెచ్చుగా వ్యాకోచించును. కావున అడుగంటి మాడు భయమును, మెలిదిరుగు భయమును హెచ్చు. మందమైన రేకు వాడక, పాకమును ఎడతెగక కలియబెట్టుచు నడపవలెను.

పాత ఎమ్.ఎస్. పెనమునకు స్టెయిన్‌లెస్ ముక్కను అతుకు వేయించరాదు. పుల్లని రసమున రెండు జాతుల లోహములు కూడినపుడు తక్కువజాతి లోహము, అనగా మెత్తని ఉక్కు, అతుకు ప్రక్కన త్వరగా తినబడును. అతుకు వేయించినచో అదే జాతి రేకుతో, చుట్టును ఎడము లేకుండ వేయింపవలెను. అతుకునకును అడుగునకును నడుమ సందు మిగిలినచో అందు పాకము చేరి మాడును.

9. పెనమును పరీక్షించు విధము

గానుగ కట్టుటకు ఒక మాసము ముందుగా పెనమును ఎండలో బోర్లించి చూడవలెను. అడుగునకు అడ్డముగా నిటారైన కఱ్ఱ పెట్టినచో పొట్ట దిగినది తెలియును. చిన్న సుత్తితో జానెడు ఎడముగా తట్టుచు పోవలెను; కంగున మ్రోగినచోట రేకు గట్టిది; మొద్దుగా పలికినచోట పెచ్చు పట్టినదో పలుచనైనదో అని అనుమానింపవలెను. అట్టిచోట పెచ్చు గీఱి, సుత్తి మొనతో గట్టిగా కొట్టి చూడవలెను. రేకు అణగినచో ఆ పెనమును ఆ యేడు పొయ్యి ఎక్కింపరాదు. చిల్లి పరీక్షలో పడుట అదృష్టము. పాకము నడుమ పడుట ఆపద.

10. జ్ఞాపకముంచుకొనవలసిన నియమములు

(1) రసము పోయక మంట పెట్టరాదు. పాకము తీయుటకు ముందే మంట తగ్గించి, మఱుసటి రసమును సిద్ధముగా నుంచుకొనవలెను.

(2) కాగిన ఖాళీ పెనములో చల్లని రసమును ఒక్కమాఱుగా క్రుమ్మరింపరాదు.

(3) మంట రసపు మట్టమునకు పైకి తగులకుండ పొయ్యి గోడను కట్టవలెను.

(4) ప్రతి పాకము తరువాత మాడిన పొరను గీఱివేయవలెను.

(5) ఎండిన పిప్పినే కాల్చవలెను. టైర్లు, పి.వి.సి. ముక్కలు పొయ్యి దరికి రానీయరాదు.

(6) నఱకిన చెరకును ఆలస్యము లేక పిండవలెను. రసమును రాత్రి పెనములో నిలువ చేయరాదు.

(7) పొట్ట దిగిన పెనము దగ్గఱ పిల్లలను ఉండనీయరాదు. దానిని వెంటనే మార్పింపవలెను. చర్మముపై పాకము పడినచో వెంటనే చల్లని నీటిని ఇరువది నిమిషములు ధారగా పోసి వైద్యునికడకు తీసికొనిపోవలెను. సిరాగాని పేడగాని పూయరాదు.

ఈ నియమములలో పెక్కింటికి వ్యయము లేదు. శ్రద్ధ కావలసినవే అన్నియు. ఒక మిల్లీమీటరు ఇనుము నిలిచినచో ఒక యేటి బెల్లమును, దానిచుట్టు పనిచేయువారి ప్రాణములును నిలుచునని రైతులు గుర్తెఱుగుదురు గాక.